టొరెంట్ దించితే డిఫెండర్ అరుస్తోంది: ఏ అరుపు నమ్మాలి?

అడిగినాయనకు తాడిపత్రిలో ఫొటో స్టూడియో ఉంది. ఆయన అడిగింది క్లుప్తంగా ఇదీ. పెళ్లి ఆల్బమ్ డిజైన్ల కోసం 38 జీబీ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైళ్ల) ప్యాక్ ఒకటి టొరెంట్‌లో, అంటే అదే ఫైలున్న ఇతరుల కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా, దించుకుందామని యూటొరెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పెట్టీ పెట్టగానే విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఒక హెచ్చరిక చూపించింది. ప్యాక్ మొత్తం దిగి, అందులోని జిప్ విప్పాక ఇంకొకటి వచ్చింది, ఈసారి పేరులోనే 'ట్రోజన్' (మంచి ప్రోగ్రాం వేషంలో వచ్చే వైరస్) అని ఉంది. ఫోల్డర్‌లోని రీడ్‌మీ ఫైలు మాత్రం "ఇది ఫాల్స్ పాజిటివ్, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటోంది. ఫాల్స్ పాజిటివ్ అంటే మంచి ఫైలునే పొరపాటున వైరస్ అనడం. టొరెంట్ పేజీ కింద నలుగురైదుగురు "సూపర్‌గా పనిచేస్తోంది" అని రాశారు. ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తా. మొదటి హెచ్చరికకు భయపడక్కర్లేదు, కానీ ఆ సాఫ్ట్‌వేర్ తీసేయండి. రెండోది మాత్రం నమ్మండి, ఆ ఫైలు జోలికి పోవద్దు. రీడ్‌మీ మాట విని ఇప్పటికే దాని మీద డబుల్ క్లిక్ చేసి ఉంటే, చదవడం ఇక్కడే ఆపి ఆ సిస్టమ్ నెట్ కేబుల్ పీకేసి రండి. మిగతాది ఫోన్లో చదువుకోవచ్చు.

అనంతపురంలో పంతొమ్మిదేళ్లుగా సిస్టమ్‌లు బాగుచేస్తున్నా. మొదట్లో మాది గంటకు ఇరవై రూపాయల నెట్ సెంటర్. అప్పట్లో పిల్లలు లైమ్‌వైర్ అనే ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో పాటలు దించుకునేవాళ్లు. పాట కోసం నొక్కితే ఏం దిగుతుందో దేవుడికే ఎరుక. 2010లో అమెరికా కోర్టు దాన్ని మూయించింది కానీ, మా దగ్గరికి వచ్చే రోగాలు మాత్రం తగ్గలేదు. అప్పటికీ ఇప్పటికీ జనం చేసే తప్పు ఒకటే. హెచ్చరిక రాగానే దాని రంగు చూస్తారు, పేరు చదవరు.

పేరు చదవడం ఎలాగో చెబుతా. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ప్రొటెక్షన్ హిస్టరీ నొక్కండి. వచ్చిన ప్రతి హెచ్చరికా అక్కడ వరసగా ఉంటుంది. ఒక్కోదాన్ని విప్పితే మూడు సంగతులు కనిపిస్తాయి: దానికి డిఫెండర్ పెట్టిన పేరు, ఏ ఫైలు మీద అనుమానమో దాని పూర్తి దారి, దాన్ని ఏం చేసిందో. మీకు కావాల్సింది ఈ మూడే.

మీ మొదటి హెచ్చరిక పేరు 'పీయూఏ' అనే అక్షరాలతో మొదలై ఉంటుంది. పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్, అంటే మీకు అక్కర్లేనిదేమో అని డిఫెండర్ అనుకుంటున్న ప్రోగ్రాం. దొంగ అనడం లేదు, వీడి వాలకం బాగాలేదు అంటోంది. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. ఉచిత యూటొరెంట్‌లో ప్రకటనలుంటాయి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే ప్రోగ్రాములు అంటగట్టే అలవాటూ ఉంది. 2015 మార్చిలో దాంతోపాటు ఎపిక్ స్కేల్ అనే ప్రోగ్రాం సిస్టమ్‌లోకి వచ్చి, దానితో లెక్కలు చేయించి లైట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు తవ్వుతోందని వాడేవాళ్లు పెద్ద గోల చేశారు. అడక్కుండా పెట్టలేదని కంపెనీ వాదించింది కానీ, చివరికి ఆ జోడింపు ఎత్తేసింది. మన కరెంటుతో, మన ప్రాసెసర్‌తో ఇంకెవరికో డబ్బు సంపాదించిపెట్టడం అన్నమాట. ఎండాకాలం అనంతపురంలో మామూలుగానే సీపీయూ ఫ్యాన్లు గుయ్యిమంటుంటాయి, అందులో తవ్వకం ఒకటా.

దాని బదులు క్యూబిట్‌టొరెంట్ పెట్టుకోండి. ఓపెన్ సోర్స్ (కోడు ఎవరైనా చూడగలిగేది), ప్రకటనల్లేవు, ఏదీ అంటగట్టదు. గూగుల్‌లో కొట్టగానే పైన వచ్చే ప్రకటన లింకు నొక్కొద్దు. అసలు సైటు చిరునామా చివర డాట్ ఓఆర్‌జీ అని ఉంటుంది. ఒక సంగతి: ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో అయితే క్యూబిట్‌టొరెంట్‌కీ హెచ్చరిక రావచ్చు. సంస్థల సిస్టమ్‌లలో టొరెంట్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, అక్కర్లేనిదిగా గుర్తించే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. అక్కడ అది పాలసీ వ్యవహారం, వైరస్ వ్యవహారం కాదు.

ఓపెన్ సోర్స్ అనగానే గుడ్డిగా నమ్మేయమని కూడా అనను. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అనే మంచి పేరున్న టొరెంట్ సాఫ్ట్‌వేర్ అసలు సైటులోనే ఎవరో ఫైలు మార్చేశారు. దాని 2.90 వెర్షన్ దించుకున్న మ్యాక్‌లలోకి కీరేంజర్ అనే ర్యాన్సమ్‌వేర్ దూరింది. మూడు రోజులు నోరు మూసుకుని కూర్చుని, ఆ తర్వాత ఫైళ్లకు తాళం వేసి ఒక బిట్‌కాయిన్ అడిగేది. క్యూబిట్‌టొరెంట్‌లో కూడా, అవతలి సైటు అసలుదో కాదో చెప్పే సర్టిఫికెట్లు సరిగా తనిఖీ చేయని లోపం ఒకటి 2010 నుంచీ ఉండి, 2024 అక్టోబరులో 5.0.1 వెర్షన్‌తో గానీ పోలేదు. కాబట్టి అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. పాత వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో దాచి పదిమందికీ పంచే అలవాటు మన స్టూడియోలవాళ్లలో ఎక్కువ. అది మానేయాలి.

ఇక అసలు సంగతి, ఆ ట్రోజన్.

మీరు రాసిన పేరు 'ట్రోజన్:విన్32/వకటాక్.బి!ఎంఎల్'. చివర ఉన్న ఎంఎల్ చూడండి. మెషీన్ లెర్నింగ్ అని. అంటే తెలిసిన ఒక వైరస్‌తో వేలిముద్రలు కలిశాయని డిఫెండర్ చెప్పడం లేదు, దీని పోకడ అలాంటి వాటిలాగే ఉందని అంచనా కడుతోంది. అంచనా తప్పొచ్చు. రీడ్‌మీ రాసినవాడు పట్టుకుని వేలాడేది ఈ ఒక్క ముక్కనే.

తప్పిన సందర్భాలు నేనే చూశా. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు పైథాన్‌లో సొంతంగా ప్రాజెక్టు రాసి, దాన్ని ఈఎక్స్‌ఈ ఫైలుగా (డబుల్ క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రాంగా) మార్చి, వైవా ముందురోజు సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చాడు. "అన్నా, నేను రాసిన ప్రోగ్రామునే వైరస్ అంటాండాది, రేపు సార్ సిస్టమ్‌లో ఎట్ల చూపించేది?" సరిగ్గా ఇదే వకటాక్ పేరు. కొత్త ఫైలు, తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం లేదు, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు, అన్నీ ఒకే మూటలో కట్టి ఉన్నాయి. డిఫెండర్‌కు అనుమానం రావడంలో వింతేముంది? అక్కడ ఆ ఫైలుకు అనుమతి ఇచ్చేశా. ఎందుకంటే ఆ ఫైలు రాసినవాడు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

మీ ఫైలు ఎవరు రాశారో మీకు తెలుసా? అదొకటి. దానికంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. పీఎస్‌డీ డిజైన్ల ప్యాక్‌లో ఈఎక్స్‌ఈ ఎందుకుంది? పీఎస్‌డీ ఫొటోషాప్‌లో తెరుచుకునే ఫైలు. జేపీజీలుండొచ్చు, ఫాంట్లుండొచ్చు. ఇన్‌స్టాల్ చేయాల్సిన పనేముంది అందులో? పెళ్లి భోజనాల సామానుతో పాటు గడ్డపార కూడా దిగిందంటే, వంటవాడు ఎందుకు తెచ్చాడని అడగమా?

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశా. రెండు సంగతులు కంటబడ్డాయి. ఒకటి, ఆ ఫైలు పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో ఉంది, పాస్‌వర్డ్ రీడ్‌మీలోనే ఉంది. అందరికీ చెప్పే పాస్‌వర్డ్‌తో తాళం ఎవరికి వేసినట్టు? మీకు కాదు, యాంటీవైరస్‌కు. తాళం వేసిన జిప్ లోపలికి అది తొంగిచూడలేదు. మీరు విప్పిన క్షణమే దానికి ఫైలు కనిపించింది, వెంటనే పట్టుకుంది. రెండోది సైజు. జిప్ 9 ఎంబీ, లోపలి ఈఎక్స్‌ఈ ఏమో 700 ఎంబీ పైన. నిజమైన ప్రోగ్రాం ఏదీ అంతలా నలిగి అంత చిన్నగా కాదు. లోపలంతా సున్నాలు నింపి ఉబ్బించారు. పెద్ద ఫైళ్లను చాలా స్కానర్లు పూర్తిగా చూడవు, ఫైళ్లు తనిఖీ చేసే వైరస్‌టోటల్ సైటులో 650 ఎంబీ దాటితే ఎక్కించనే లేరు. ఆ హద్దు తెలిసినవాడే ఆ సైజు కుట్టాడు. ఈ రెండూ కలిశాక నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

"టొరెంట్ 100 శాతం దిగింది, హ్యాష్ కూడా సరిపోయింది, అంటే ఫైలు మంచిదే కదా" అని కూడా అడిగారు. చాలామంది పొరపడేది ఇక్కడే. టొరెంట్‌లో ఫైలును ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకూ హ్యాష్ అనే గుర్తింపు అంకె లెక్క కడతారు. అది సరిపోయిందంటే, మొదట ఎక్కించినవాడి దగ్గర ఏముందో మీ దగ్గరికి అదే చెక్కుచెదరకుండా వచ్చిందని అర్థం. అంతే. శెనక్కాయ విత్తనాల మూటకు సీలు ఊడలేదంటే దారిలో ఎవరూ విప్పలేదని తెలుస్తుంది, లోపలున్నవి మొలకెత్తుతాయో లేదో సీలు చెప్పదు. కల్తీ విత్తనాలకు కూడా సీలు బ్రహ్మాండంగా ఉంటుందని మన రైతులకు వేరే చెప్పాలా.

సీడర్ల (ఆ ఫైలును ఇతరులకు పంచుతున్నవాళ్ల) సంఖ్య, కామెంట్లు కూడా అంతే. ఆ సంఖ్యలు దొంగవి పుట్టించొచ్చు. "పనిచేస్తోంది" అన్నవాడు అబద్ధమే చెప్పాడని కాదు. ఈ కాలం మాల్వేర్ (వైరస్‌ల లాంటి హానికర ప్రోగ్రాం) చప్పుడు చేయదు, క్రాక్ (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ఫైలు) నిజంగానే పనిచేస్తుంది, వెనక జరిగేది వాడికి తెలియదు.

ఇంకా అనుమానం తీరకపోతే వైరస్‌టోటల్ ఉంది. 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది, డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. ఫైలు ఎక్కించలేనంత పెద్దదైతే సెవెన్‌జిప్‌తో షా-256 హ్యాష్ తీసి ఆ అంకెను వెతకండి. ఎవరైనా ముందే వేరే దారిన పంపించి ఉంటే ఫలితం వస్తుంది. ఊరూ పేరూ తెలియని ఒకటి రెండు ఇంజన్లు మాత్రమే ఎర్రగా చూపిస్తే తేలిగ్గా తీసుకోవచ్చు, పేరున్నవి పది పదిహేను ఒకే మాట అంటే ఇక చర్చ లేదు. కానీ సున్నా వచ్చిందని సంబరపడొద్దు. నిన్న పుట్టిన మాల్వేర్‌కు ఇవాళ సున్నానే వస్తుంది. అన్నట్టు కస్టమర్ల ఫొటోలు, ఆధార్ కాపీలు అందులో ఎక్కించకండి. అక్కడ పెట్టినవి డబ్బు కట్టే సంస్థలు చూడగలవు.

ఇక ఇంకో రెండు రకాల హెచ్చరికలు, వీటిని పైవాటితో కలిపేయొద్దు. ఇన్‌స్టాల్ చేయబోతుంటే నీలం తెర వచ్చి 'విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ' అంటుంది. అది స్మార్ట్‌స్క్రీన్. ఈ ఫైలు ఎవరిదో నాకు పరిచయం లేదు అంటోందంతే. అసలు సైటు నుంచే దించారని నిక్కచ్చిగా తెలిస్తే ముందుకు పోవచ్చు. రెండోది బ్రౌజర్‌లో టకటకా మోగుతూ "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అనేది. అది పచ్చి మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. టొరెంట్ సైట్లలో తొందరపడి 'అలౌ' నొక్కితే ఇలాంటివి నోటిఫికేషన్లుగా వస్తుంటాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ సైటు అనుమతి తీసేస్తే పోతాయి.

యాంటీవైరస్ ఆపి ఆ ఫైలు నడిపించేసి ఉంటే ఏం చేయాలి? ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి దెబ్బతిన్నా.

మూడేళ్ల కింద మా ఊరి స్టూడియో ఆయనే ఒకాయన ఇన్‌స్టాగ్రామ్ పేజీ పోయిందని వచ్చాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ పెట్టిన మర్నాడే పోయింది. నేను ఆ సిస్టమ్ ముందే కూర్చుని, పేజీ వెనక్కి తెచ్చి, పాస్‌వర్డ్ మార్చి, "పోప్పా, అయిపోయింది" అని పంపించా. రాత్రికి మళ్లీ పోయింది. రోగం ఇంకా ఆ సిస్టమ్‌లోనే ఉంది, కొత్త పాస్‌వర్డ్‌ను కూడా అక్కడే కొట్టి దొంగ చేతికి నేనే అందించా. సిగ్గుతో డబ్బులు తీసుకోలేదు.

ఇన్ఫోస్టీలర్ అంటారు వీటిని. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే చిన్న గుర్తులు) నిమిషాల్లో ఊడ్చుకుని పంపేస్తాయి. కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, మీరు ఆసరికే లాగిన్ అయి ఉన్నట్టే వాడు లోపలికి వస్తాడు. లమ్మా అనే ఇలాంటి ఒక్క స్టీలర్ రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ సిస్టమ్‌లకు సోకినట్టు 2025 మేలో దాన్ని మూయించినప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పింది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. నెట్ పీకేయండి. బయట తగిలించిన హార్డ్ డిస్కులు తీసేయండి. తర్వాత మీ ఫోన్ నుంచి, ఆ సిస్టమ్ నుంచి మాత్రం కాదు, ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. పాస్‌వర్డ్ మార్చడంతో పాటు ఈ సైన్ అవుటూ ముఖ్యం, దొంగిలించిన కుకీని పనికిరాకుండా చేసేది ఇది. తర్వాత బ్యాంకు, ఇన్‌స్టా, యూట్యూబ్. డబ్బు కదిలిన జాడ కనిపిస్తే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత.

సిస్టమ్ సంగతి ఆ తర్వాత. విండోస్ సెక్యూరిటీలోనే స్కాన్ ఆప్షన్స్‌లో 'ఆఫ్‌లైన్ స్కాన్' ఉంటుంది. రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే ఓ పావుగంట వెతుకుతుంది, దాక్కున్నవి అప్పుడు దొరుకుతాయి. ఎక్స్‌క్లూజన్స్ జాబితా కూడా తెరిచి చూడండి. ఒక సిస్టమ్‌లో ఏకంగా సీ డ్రైవ్ మొత్తం అందులో ఉండటం చూశా. అంటే డిఫెండర్ పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తూ ఉంటుంది, చూడొద్దన్నారు కాబట్టి ఏదీ చూడదు.

నా వరకు, ఫైలు నడిచిందని తెలిస్తే స్కాన్‌తో సరిపెట్టను. ఫొటోలు, పీఎస్‌డీలు మాత్రం కాపీ తీసుకుని, వేరే సిస్టమ్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా ఎక్కిస్తా. అనుమానంతో నెలలు గడపడం కన్నా ఒక పూట పని నయం.

స్టీలర్ కాకుండా ర్యాన్సమ్‌వేర్ అయితే అంత కూడా మిగలదు. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే ఒకాయన సిస్టమ్ 2020లో నా దగ్గరికి వచ్చింది. క్రాక్ ఫైలే కారణం. పదకొండేళ్ల అంచులు, కొంగులు, బుటాలు, ప్రతి ఫైలు పేరు చివరా తెలియని నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి. ఫోల్డరుకో రీడ్‌మీ: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో కడితే 490. స్టాప్ డిజెవియూ అనే రకం అది. దాని పాత రకాలకు ఎమ్సిసాఫ్ట్ సంస్థ 2019లో ఉచితంగా తాళంచెవి ఇచ్చింది కానీ, ఈయనకు తగిలింది కొత్త రకం. డబ్బు కట్టొద్దన్నా, కట్టలేదు. బ్యాకప్ డిస్కు కూడా సిస్టమ్‌కే తగిలించి ఉండటంతో అదీ పోయింది. చివరికి ఆయన ఎలక్ట్రానిక్ జకార్డులు (డిజైన్ ఫైలు చూసి మగ్గం నడిపే యంత్రాలు) ఉన్న నేతగాళ్ల ఇళ్లకు తిరిగి, వాళ్ల మగ్గాల పెన్‌డ్రైవ్‌లలో మిగిలిన ఫైళ్లు ఏరుకొచ్చి, వాటిని చూసి మళ్లీ గీసుకున్నాడు. నేతకు పోయినవి దక్కాయి. ఇంకా మగ్గమెక్కనివి, కొత్తగా పెళ్లిళ్ల సీజన్ కోసం గీసినవి, పోయినట్టే.

టొరెంట్ వాడటమే తప్పు అని ఎవరైనా అంటే ఒప్పుకోను. లిబ్రె ఆఫీస్, ఉబుంటు వాళ్లే తమ ఫైళ్లను టొరెంట్‌లో ఇస్తున్నారు. ఎవరివో డిజైన్లు కాజేసి కట్టిన ప్యాక్ వేరే సంగతి. మీది వ్యాపారం కాబట్టి కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కూడా గుర్తుపెట్టుకోండి, అందులో జైలు కూడా ఉంది. వీడియో ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షనే మీ పనికి బాగా సరిపోతుంది. పీఎస్‌డీలు తెరవడానికి ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

ఫోన్ల మాట కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. ఫోన్ల మధ్య ఫైళ్లు పంపుకునే షేరిట్, జెండర్ యాప్‌లను 2020 జూన్ 29న కేంద్రం నిషేధించింది. ఇప్పుడు బయట దొరికే వాటి ఏపీకేలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) ఎవరు ఎలా తయారుచేశారో తెలియదు, పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్ ఉండనే ఉంది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే వస్తే, మీకు రోజూ శుభలేఖలు వచ్చే వృత్తి కాబట్టి, అలవాటులో నొక్కేస్తారేమో జాగ్రత్త. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు.

ప్రస్తుతానికి ఆ హెచ్చరికలో 'అలౌ ఆన్ డివైస్' నొక్కకుండా 'రిమూవ్' కొట్టండి, యూటొరెంట్ తీసేయండి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. స్కాన్ అయ్యాక ప్రొటెక్షన్ హిస్టరీలో ఏం పేర్లు వచ్చాయో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతా. అప్పటిదాకా కస్టమర్ల మెమరీ కార్డులు ఆ సిస్టమ్‌లో పెట్టొద్దు. ఆదివారం ముహూర్తం ఉందన్నారు కదా, ఆ ఒక్క పెళ్లి ఫొటోలు ఎవరైనా ఫ్రెండు ల్యాప్‌టాప్‌లో దించుకోండి.